పదకొండు మంది వెనక ఎవరున్నారు?

కొత్త సీజన్ దగ్గర పడిందంటే మన ఇళ్ళల్లో కుర్రాళ్ళకి ఒకటే వాదన. బెంగళూరులో ఉన్నవాళ్ళు బెంగళూరు జట్టు గురించి, చెన్నైలో ఉన్నవాళ్ళు చెన్నై జట్టు గురించి, భువనేశ్వర్‌లో ఉన్నవాళ్ళు ఒడిశా జట్టు గురించి మాట్లాడుకుంటారు. ఎవరిని తెచ్చుకున్నారు, ఎవరిని వదులుకున్నారు అని లెక్కలు వేస్తారు. కాగితం మీద పదకొండు పేర్లు రాసి, ఈ ఏడు కప్పు మనదే అనో, ఈ ఏటికి ఇంతే సంగతులు అనో తేల్చేస్తారు. ఆ వాదనలో పెద్దవాళ్ళం మేమూ దూరతాం, కాదనను. కానీ పదకొండు పేర్లు చూసి జట్టుని తూచడమంటే, పెళ్ళికొడుకు చొక్కా చూసి వాళ్ళింటి ఆస్తి చెప్పడం లాంటిది.

జట్టు బలం తెలియాలంటే పన్నెండో మనిషి ఎవరో చూడాలి. పదమూడో మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడో చూడాలి. ఈ పదకొండు మందిలో ఎవడికైనా దెబ్బ తగిలితే పక్కవాడు ఆ పని అందుకోగలడా అని అడగాలి. ఇదేదో ఇవాళ కొత్తగా పుట్టిన తెలివి కాదు. అరవై ఏళ్ళ కిందటే ఒక హైదరాబాదీ స్కూలు మాస్టారు ఈ లెక్క కట్టి, దేశానికి బంగారు పతకం తెచ్చిపెట్టాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో ఆయన మీద 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది కాబట్టి ఇప్పటి పిల్లలకీ పేరు తెలిసే ఉంటుంది. సినిమాలో ఉద్వేగం ఎక్కువ, ఆ లెక్క తక్కువ. ఇక్కడ ఆ లెక్కే చెప్పుకుందాం.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో ఇప్పటిలా ఆట మధ్యలో ఒకణ్ణి దింపి ఇంకొకణ్ణి ఎక్కించే వీలు లేదు. ప్రపంచ కప్పులోనే ఆ పద్ధతి 1970లో గానీ మొదలు కాలేదు. దిగిన పదకొండు మందే చివరిదాకా ఆడాలి. కాలు విరిగితే పది మందితో ఆడుకోవాలి. కాబట్టి అప్పటి కోచ్‌కి రిజర్వు అంటే పక్కన కూర్చున్నవాడు మాత్రమే కాదు. మైదానంలో ఉన్నవాడే అవసరమైతే రెండో మనిషిగా మారాలి. వెనక వరసలో ఆడేవాడికి ముందు వరస పని, ముందు వరస వాడికి మధ్య వరస పని ఎంతో కొంత వచ్చి ఉండాలి.

1962 జకార్తా ఆసియా క్రీడలకి రహీం తీసుకెళ్ళిన జట్టుని ఈ కళ్ళతో చూడండి. ముందు వరసలో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరామ్. ముగ్గురూ పేరు మోసినవాళ్ళు. చునీయే కెప్టెన్. వెనక పంజాబ్ నుంచి జర్నైల్ సింగ్, కేరళ నుంచి చంద్రశేఖర్, బెంగాల్ నుంచి అరుణ్ ఘోష్, వాళ్ళతో త్రిలోక్ సింగ్. మధ్యలో ఫ్రాంకో, ప్రశాంత సిన్హా, రామ్ బహదూర్. ముందూ మధ్యా రెండు వరసల్లోనూ ఇమిడిపోయే హైదరాబాదీ యూసుఫ్ ఖాన్. గోల్‌కీపర్లు ఇద్దరు, పీటర్ తంగరాజ్, ప్రద్యుత్ బర్మన్. వీళ్ళతో పాటు అరుమైనాయగం, ఎతిరాజ్, అఫ్జల్. జాబితా పొడుగ్గా ఏమీ లేదు. ఏ చోటుకి ఎవరు అని రాసుకుంటే వెనక నిలబడే వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. సీజన్ ముందు పేర్లు చూసి జట్టుని మోసినవాళ్ళు అప్పుడే చేతులెత్తేసి ఉంటారు. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచారు గానీ, ఆ ఆటలో జర్నైల్ సింగ్ తలకి గాయమై ఆరు కుట్లు పడ్డాయి. వెనక వరసకి అతనే మూలస్తంభం. అతను లేకపోతే గోడలో ఇటుక కాదు, గోడే పోయినట్టు. అయినా జపాన్‌ని 2-0తో ఓడించారు. సెమీ ఫైనల్లో ఎదురుగా దక్షిణ వియత్నాం.

ఇక్కడే రహీం సాబ్ చేసిన పని చూడాలి. కుట్లున్న తలతో వెనక వరసలో ఆడితే, ఎదుటివాళ్ళు ఎగరేసే ప్రతి బంతికీ తల అడ్డం పెట్టాలి. అది ప్రమాదం. అలాగని అంతటి మనిషిని బయట కూర్చోబెట్టడమూ నష్టమే. జర్నైల్ కాలేజీ రోజుల్లో ముందు వరసలో ఆడినవాడు. ఆ సంగతి రహీంకి గుర్తుంది. తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. వెనక అతని చోటు అరుణ్ ఘోష్ మోశాడు. సెమీ ఫైనల్ 3-2తో గెలిచాం. చునీ రెండు గోల్స్ కొడితే, మూడోది ఆ కుట్ల తలవాడే కొట్టాడు.

ఫైనల్ సెప్టెంబరు 4న. మళ్ళీ దక్షిణ కొరియాయే. మైదానంలో లక్షమంది దాకా జనం, దాదాపు అందరూ మనకి వ్యతిరేకమే. ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని ఆ క్రీడలకి రానివ్వనందుకు భారత ప్రతినిధి గురుదత్ సోంధీ అభ్యంతరం చెప్పడంతో జకార్తాలో మనవాళ్ళ మీద కోపం రగిలింది. భారత రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. అలాంటి రోజున రహీం ఇంకో మార్పు చేశాడు. అంతకు ముందు ఆటల్లో గోల్ దగ్గర నిలబడ్డది బర్మన్. తంగరాజ్‌కి ఫ్లూ. ఫైనల్‌కి మాత్రం ఆరడుగులు దాటిన తంగరాజ్‌నే దింపాడు. కొరియా వాళ్ళు గాలిలో పంపే బంతులకి ఆ ఎత్తు కావాలని ఆయన ఆలోచన. గెలుస్తున్న జట్టుని కదపకూడదు అనే సామెత లాంటి మాట ఒకటుంది కదా, దాన్ని ఆయన పట్టించుకోలేదు. త్రిలోక్ సింగ్ కాలి గోరు ఊడిపోయి ఉంది, అయినా దిగాడు.

17వ నిమిషంలో పీకే గోల్ కొట్టాడు. 20వ నిమిషంలో జర్నైల్ కొట్టాడు. కొరియా చివర్లో ఒకటి కొట్టినా 2-1తో బంగారం మనదైంది. ఆ తర్వాత ఇవాళ్టి దాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి ఇంకో బంగారం రాలేదు. రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. ఆ బంగారాన్ని తనకి కానుకగా ఇమ్మని ఆటగాళ్ళని అడిగాడని వాళ్ళే తర్వాత చెప్పారు. 1963 జూన్ 11న పోయాడు.

ఇది విన్నవాళ్ళు చాలామంది రహీం మొండి ధైర్యం గురించి చెబుతారు. ధైర్యం ఉంది, నిజమే. కానీ ఆ రోజు అక్కరకొచ్చింది అంతకు ముందు ఇరవై ఏళ్ళ పాటు చేసిన పని. సంతలో కొన్న ఎద్దుకి ఏ పని వచ్చో దున్నితే గానీ తెలీదు. ఇంట్లో పుట్టిన దూడ సంగతి ఇంటివాడికి ముందే తెలుసు. రహీంకి తన ఆటగాళ్ళ సంగతి అలా తెలుసు.

ఆయన 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆ హోదాలో కుర్రాళ్ళకి విచిత్రమైన టోర్నమెంట్లు పెట్టేవాడు. ఒకదాంట్లో బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని తిప్పడం నిషేధం, అందిన వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమ కాలితో తన్నాలి. పొట్టివాళ్ళకి మాత్రమే అని ఎత్తు కొలిచి పెట్టిన టోర్నమెంటు కూడా ఉంది. చూసేవాళ్ళకి అది ఆటలా ఉండేదేమో గానీ, అసలు ఉద్దేశం వేరు. ఒక్కో కుర్రాడికి రెండో పని నేర్పడం. ఎడమ కాలు కూడా వచ్చినవాణ్ణి రెండు వైపులా ఆడించొచ్చు. అంటే ఒక్క మనిషి ఇద్దరి చోటు నింపుతాడు. జాబితా పెంచకుండా బలం పెంచడమంటే ఇదే.

తంగరాజ్ సంగతే చూడండి. 1935లో హైదరాబాద్‌లో పుట్టాడు. సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, 1953లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరాడు. అక్కడ మొదట ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా! తర్వాతే గోల్ దగ్గరకి మారాడు. ఆ జట్టుకి 1955లో, 1958లో డ్యూరాండ్ కప్పు తెచ్చాడు. మనం గొప్ప గోల్‌కీపర్ అని చెప్పుకునే మనిషి మొదటి పని వేరేది అన్నమాట. మొదట ఏ చోట ఆడాడో అక్కడే మేకు కొట్టి ఉంచేసి ఉంటే, జకార్తా ఫైనల్లో గోల్ దగ్గర ఆ ఎత్తు ఉండేది కాదు.

రెండో బలం పోలీసు ఉద్యోగం. 1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నాడు. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు వాళ్ళదే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి వాళ్ళు ఆ జట్టు నుంచే దేశపు జట్టుకి వెళ్ళారు. బొంబాయిలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో పాతవాళ్ళు సిటీ పోలీస్ అనే పేరు చెప్పుకున్నారంటే అందుకే. ఆటగాడికి పోలీసు కొలువు ఉంది, నెల జీతం ఉంది. అందుకని జట్టు ఏడాదికోసారి చెదిరిపోయేది కాదు. ఒకే మనుషులు ఐదారేళ్ళు కలిసి ఆడితే పక్కవాడు ఎటు కదులుతాడో చూడకుండానే తెలుస్తుంది. ఆ తర్వాత రాష్ట్రం మారి జట్టు పేరు ఆంధ్రా పోలీస్ అయింది. 1961లో ఆ పేరుతోనే మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ గెలిచింది.

మూడోది, ఎంపికలో మొహమాటం లేకపోవడం. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. అక్కడ మనవాళ్ళు హంగరీతో 2-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1తో నిలిచి, పెరూతో 3-1తో ఓడారు. మూడు ఆటలు. మూడింట్లోనూ కోచ్ కొడుకు మైదానంలోకి దిగలేదు. తండ్రి చేతిలోనే కలం ఉంది, పేరు రాసి ఉంటే ఎవరూ ఆపేవాళ్ళు కాదు. రాయలేదు. హకీం తర్వాత ఫిఫా రిఫరీ అయ్యాడు, 2021లో కర్ణాటకలోని కలబురగిలో పోయాడు. కలబురగి, బీదర్, రాయచూరు వైపు ఉన్న మన చుట్టాలకి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

మరి అంత బలం ఏమైపోయింది? హైదరాబాద్ 1956-57లో, 1957-58లో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తర్వాత తెలుగు రాష్ట్రం ఏదీ గెలవలేదు. ఓటమి ఒక్కరోజులో రాలేదు, మనుషులు ఒక్కొక్కరుగా వెళ్ళిపోయారు. బలరామ్ కథ అందులో మొదటిది కాదు గానీ, గుండెకి దగ్గరిది.

బలరామ్ పుట్టింది సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో, 1936లో. పేద ఇల్లు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్‌లో సాధనకి రావడానికి రహీం సాబ్ అద్దె సైకిలుకి డబ్బులిచ్చేవాడని చెబుతారు. ఇరవై ఏళ్ళకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. అక్కడ మన జట్టు నాలుగో స్థానం దాకా వచ్చింది. మరుసటి ఏడే, 1957లో, కలకత్తా ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టింది అతనే. అనారోగ్యంతో ముప్పై నిండకుండానే ఆట మానేశాడు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే పోయాడు. తంగరాజ్ 2008లో బొకారోలో పోయాడు. తెలుగు, తమిళం, ఉర్దూ కలగలిసిన సికింద్రాబాద్ వీధుల నుంచి బయల్దేరినవాళ్ళు, పొట్ట ఎక్కడికి తీసుకెళ్తే అక్కడే స్థిరపడ్డారు. మన కుటుంబాలకి ఇందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు, మన తాతలూ అలా వచ్చినవాళ్ళే. వెళ్ళినవాళ్ళది తప్పు కాదు. వెళ్ళినవాడి చోట ఇంకొకణ్ణి తయారు చేసే మాస్టారు మళ్ళీ దొరక్కపోవడం, పిల్లల టోర్నమెంట్లు పలచబడటం, అదీ అసలు దెబ్బ. బావిలోంచి నీళ్ళు తోడితే బావి ఎండదు, ఊట ఆగితే ఎండుతుంది.

ఇదే పాఠం మొన్నమొన్న మళ్ళీ కళ్ళ ముందు జరిగింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద ఐఎస్‌ఎల్ ఫైనల్ గెలిచింది. ఆ సీజన్‌లో అందరూ చెప్పుకున్న పేరు ఓగ్బెచే, 18 గోల్స్ కొట్టాడు. కానీ ఫైనల్లో 1-0తో వెనకబడి ఉన్నప్పుడు, 88వ నిమిషంలో గోల్ కొట్టి జట్టుని బతికించింది బెంచి మీంచి లేచి వచ్చిన సాహిల్ తవోరా. పెనాల్టీల్లో మూడు ఆపింది గోల్‌కీపర్ కట్టిమణి. సీజన్ ముందు కాగితం మీద రాసుకున్న పదకొండు పేర్లలో తవోరాని ఎంతమంది రాసి ఉంటారు?

ఆ మరుసటి సీజన్ లీగ్‌లో రెండో స్థానం. దాని తర్వాతి సీజన్, 2023-24లో, క్లబ్బు ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. సీజన్ నడుస్తుండగానే పెద్ద పేర్లు జారుకున్నాయి. మిగిలిన కుర్రాళ్ళు ఆడారు. 22 ఆటల్లో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. కప్పు గెలిచిన రెండేళ్ళకే! ఆ కుర్రాళ్ళని తిట్టుకున్నవాళ్ళు ఉన్నారు. నాకైతే వాళ్ళ మీద జాలే కలిగింది. పైన పెద్దవాళ్ళున్నప్పుడు పక్కన నిలబడి నేర్చుకోవలసిన వయసు. పెద్దవాళ్ళందరూ ఒకేసారి వెళ్ళిపోతే, నేర్పేవాడు లేకుండా పరీక్షకి కూర్చోబెట్టినట్టయింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్‌లోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ.

ఇంకో వైపు కర్ణాటకని చూడండి. మైసూరు పేరుతో 1968-69లో సంతోష్ ట్రోఫీ గెలిచాక యాభై ఏళ్ళకి పైగా ఖాళీ. మళ్ళీ 2023 మార్చిలో రియాద్‌లో మేఘాలయ మీద 3-2తో గెలిచింది. బెంగళూరులో చిన్న క్లబ్బులు, లీగ్ ఆటలు ఏదో ఒక స్థాయిలో నడుస్తూనే ఉన్నాయి. ఊట సన్నబడింది గానీ ఆగలేదు, అందుకే ఆలస్యంగానైనా నీళ్ళు పడ్డాయి.

కాబట్టి రాబోయే సీజన్‌కి మీ ఊరి జట్టుని తూచేటప్పుడు, ఎవరిని కొన్నారు అనే ప్రశ్నని కాసేపు పక్కన పెట్టండి. జర్నైల్‌కి దెబ్బ తగిలితే అరుణ్ ఘోష్ ఉన్నట్టు, ఈ జట్టులో ఒక్కో చోటు వెనక ఎవరున్నారో రాసి చూడండి. పేరు రాయలేక చెయ్యి ఆగిన చోటే ఆ జట్టు బలహీనత. తర్వాత, రెండు చోట్ల ఆడగలవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టండి. ముగ్గురో నలుగురో ఉంటే నెల మధ్యలో గాయాలొచ్చినా బండి నడుస్తుంది. కిందటేడు కలిసి ఆడినవాళ్ళు ఎంతమంది మిగిలారో కూడా చూడండి. సగానికి పైగా కొత్త ముఖాలైతే, పేర్లు ఎంత పెద్దవైనా మొదటి రెండు నెలలు కష్టమే. జీతాలు సమయానికి అందుతున్నాయా లేదా అన్నది ఆటకి సంబంధం లేని విషయం అనుకోకండి, సిటీ పోలీస్ జట్టుని ఐదేళ్ళు కలిపి ఉంచింది ఆ నెల జీతమే.

అన్నిటికన్నా చివరిది, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది: మీ పేటలో పద్నాలుగేళ్ళ పిల్లలకి టోర్నమెంటు జరుగుతోందా? జరుగుతుంటే ఓ ఆదివారం సాయంత్రం వెళ్ళి గట్టు మీద కూర్చోండి. వాటం లేని కాలితో తన్నమని పిల్లల మీద అరుస్తున్న మాస్టారు ఎవరైనా కనిపిస్తే, ఆ ఊరి జట్టుకి పదేళ్ళ తర్వాత ఢోకా లేదని రాసిపెట్టుకోవచ్చు.